తప్పు డిస్కు లాగాడు, ఈ పని మానేయాలా?

ప్రశ్న: మాది పరకాల. మా అబ్బాయి పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, రెండేళ్లుగా హన్మకొండలో ఒక పెళ్లి వీడియోల ఎడిటింగ్ యూనిట్‌లో సిస్టమ్స్ చూసుకుంటున్నాడు. మాఘమాసం పెళ్లిళ్ల రద్దీలో స్టోరేజ్ పెట్టెలో ఒక డిస్కు పోయింది. అది మార్చబోయి బాగున్న డిస్కును లాగాడు. మొత్తం ఆగిపోయింది. మూడు రోజులు నిద్ర లేకుండా కూర్చుంటే చాలావరకు తిరిగొచ్చింది కానీ ఒక రిసెప్షన్ వీడియో పాడైంది. ఓనర్ జీతంలో కోత పెట్టాడు. ‘డిస్కులు మార్చడం కూడా ఉద్యోగమేనా, అమీర్‌పేటకు పోయి కోడింగ్ నేర్చుకోమను’ అని మా తమ్ముడు అంటున్నాడు. వాడేమో ఇదే చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు బాబు రాసి పెట్టిన రెండు పేజీలు కూడా చదివాను. నా జవాబు ఆ పేజీల్లోనే ఉంది.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు తొమ్మిదేళ్లు సర్వర్ రూముల్లో పనిచేశాను. బాగున్న డిస్కును లాగినవాళ్లను చూశాను. ఒకసారి నేనూ లాగాను. మనం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాం. సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల సున్నా నుంచి మొదలుపెడుతుంది. మూడో నంబరు పోయిందని అది చెబితే, మన వేళ్ల లెక్కలో నాలుగోది అన్నమాట. బాబు పొరపాటు కూడా అదే.

ఆ పెట్టెలో ఏం జరుగుతుందో మీకూ తెలిస్తే మంచిది. ముగ్గురు రైతులు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చారనుకోండి. ఒక్కొక్కరి బస్తాల లెక్క ఒక్కో చీటీ మీద, ముగ్గురిదీ కలిపి మొత్తం నాలుగో చీటీ మీద రాశారు. ఒక రైతు చీటీ పోయినా, మొత్తంలోంచి మిగతా ఇద్దరివీ తీసేస్తే అతని లెక్క దొరుకుతుంది. రెండు చీటీలు పోతే ఎవరూ చెప్పలేరు. ఆ పెట్టెలో డిస్కులను కలిపి నడిపే రెయిడ్ ఫైవ్ అనే పద్ధతి అంటే ఇంతే. కూడిక బదులు ఎక్సార్ అనే లెక్క వాడతారు, ఆ మొత్తం చీటీని ఒకే డిస్కులో కాకుండా అన్నింటిలోనూ పంచి పెడతారు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో రెయిడ్ అనే పేరు స్థిరపడింది. ఒక డిస్కు పోయినా పెట్టె నడుస్తూనే ఉంటుంది. కానీ ఇంకొకటి పోతే ఆదుకునేది లేదు. ఆ స్థితినే డిగ్రేడెడ్ అంటారు.

సరిగ్గా ఆ స్థితిలో రెండో డిస్కు బయటికొచ్చింది. పక్క షాపాయన ‘ఇనిషియలైజ్ కొట్టు, లేస్తుంది’ అన్నాడట. బాబు కొట్టలేదు. కొట్టి ఉంటే పెట్టె కొత్తదానిలా లేచేది, పెళ్లిళ్లన్నీ పోయేవి. అతను పవర్ ఆపాడు. నాలుగు డిస్కుల సీరియల్ నంబర్లు రాసుకున్నాడు, ఏది ఏ అరలో ఉందో ఫోటో తీశాడు. ఓనర్‌ను ఒప్పించి కొత్త డిస్కులు తెప్పించి, బాగున్న మూడింటికీ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో నకలు తీశాడు. తర్వాత ప్రయత్నాలన్నీ నకళ్ల మీదే చేశాడు. ఈవెంట్ కౌంట్లు, అంటే ఒక్కో డిస్కులో ఎన్ని మార్పులు నమోదయ్యాయో చెప్పే లెక్కలు పోల్చి, తను లాగిన డిస్కు మిగతావాటికంటే కొద్దిగానే వెనకబడిందని చూసి, దాన్ని కలుపుకుని ఫోర్స్ అసెంబుల్ చేశాడు, అంటే బలవంతంగా మళ్లీ ఒక్కటిగా కట్టాడు. ముందే పోయిన డిస్కును మాత్రం కలపలేదు. కలిపి ఉంటే పాత లెక్కలు కొత్తవాటిలో దూరి అంతా చెడేది. ఇరవై మూడేళ్ల పిల్లవాడు, ఓనర్ నెత్తిన నిలబడి అరుస్తుంటే ఈ వరుస తప్పలేదు. పాడైన రిసెప్షన్ వీడియో, డిస్కు లాగిన క్షణంలో కాపీ అవుతున్నది. అది ఎవరు కూర్చున్నా దక్కేది కాదు.

బాబూ, ఇది నీకు. నీ పేజీల్లో ఒక్కచోట నాకు భయమేసింది. డిగ్రేడెడ్ అని చూడగానే కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ చేయబోయానని రాశావు. అంతకంటే ముందు డెలివరీ కాని పెళ్లిళ్ల ఫుటేజ్ బయటికి తీయాలి. రీబిల్డ్ అంటే పోయిన డిస్కులోని లెక్కను కొత్త డిస్కులో మళ్లీ రాయడానికి మిగిలిన మూడు 4 టీబీ డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదవడం, మొత్తం 12 టీబీ. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో 10 టు ది పవర్ 14 బిట్లు చదివితే ఒక తప్పు రావచ్చని ఉంటుంది. లెక్కేస్తే 12.5 టీబీ. నిజానికి చాలా డిస్కులు అంతకంటే బాగానే నడుస్తాయి, కానీ నీ నాలుగూ ఒకేరోజు కొన్నవి, ఒకేలా అరిగినవి. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసినా 4 టీబీకి 11 గంటలు పడుతుంది. అవతల ఎడిటర్లు పని ఆపకపోతే ఇంకా ఎక్కువ. అన్ని గంటలూ ఆ మూడు డిస్కులనూ నమ్ముకుని కూర్చోవద్దు.

పెట్టె ‘డిస్కు పోయింది’ అనగానే మార్చేయకు కూడా. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తెరువు. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే చోటుకు మార్చినవి), 197వ నంబరు పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేక అనుమానంలో ఉన్నవి) పెరుగుతుంటే డిస్కు పని అయిపోవచ్చినట్టే. 199వది, డేటా దారిలో చెడిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దో కనెక్టర్‌దో అయి ఉంటుంది. మార్చేటప్పుడు అర నంబరు కాదు, సీరియల్ నంబరు చూసుకో. రీబిల్డ్ అయ్యాక నెలకోసారి స్క్రబ్ పెట్టు, అంటే డిస్కులన్నీ చదివించి లెక్కలు సరిచూడు. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలును రెయిడ్ తెచ్చి ఇవ్వదు.

అమ్మా, ఇది ఉద్యోగమేనా అని మీ తమ్ముడు అన్నారు. అవును. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, బ్యాకప్ అడ్మిన్, డేటా సెంటర్ టెక్నీషియన్ అనే పేర్లతో ఉంటుంది. క్లౌడ్ అని మనం వింటున్నదంతా చివరికి ఎక్కడో ఒకచోట డిస్కుల మీదే ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం తెరిచింది. ఆసుపత్రులకు, కాలేజీలకు, బ్యాంకులకు కూడా ఈ పని తెలిసినవాళ్లు కావాలి. నైట్ షిఫ్టులు ఉంటాయి, పండగ రోజు ఫోన్ వస్తుంది. అది దాచి చెప్పను.

మీ తమ్ముడి మాటను పూర్తిగా కొట్టిపారేయను. ఈ లైన్లో పైకి రావాలంటే చేసిన పనే మళ్లీ మళ్లీ కంప్యూటర్‌తో చేయించే బాష్, పైథాన్ స్క్రిప్టులు రాయడం రావాలి. కానీ దానికోసం ఉన్న పని వదిలి అమీర్‌పేటలో గది తీసుకోనక్కర్లేదు. ముందు సర్వర్లలో వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గట్టిగా నేర్చుకోనివ్వండి. రెడ్‌హ్యాట్ కంపెనీ పెట్టే లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో బిట్లు పెట్టడం ఉండదు, మెషీన్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. బాబు లాంటి వాడికి అదే నప్పుతుంది. రెయిడ్ విషయం ఎల్‌పీఐసీ-2 అనే ఇంకో లినక్స్ సర్టిఫికేట్ సిలబస్‌లో నేరుగా ఉంది. అది ఎల్‌పీఐసీ-1 తర్వాత. ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నా, దాని లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో చిన్న డిస్కులు అయిదు సృష్టించి, వాటిని కావాలని చెడగొట్టి, మళ్లీ కట్టుకోవచ్చు. రోజుకో గంట అలా చేస్తే చేతులు వణకడం తగ్గుతుంది.

డిప్లొమాతో మాత్రం ఆగొద్దు. చాలా కంపెనీలు డిగ్రీ లేదని మొదటి వడపోతలోనే పక్కన పెడతాయి. డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. జీతం తప్పనిసరి అయితే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పనిచేస్తూ డిగ్రీ చదవొచ్చు. మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. వీలుంటే నేను ఈసెట్ వైపే మొగ్గుతాను.

జీతం కోత సంగతి. లాగింది బాబే, అది ఒప్పుకోవాలి. కానీ అన్ని పెళ్లిళ్ల ఫుటేజ్‌కు బ్యాకప్ పెట్టకపోవడం ఓనర్ నిర్ణయం. గొడవ పడకుండా, బ్యాకప్‌కు ఇంకో పెట్టె ఎంతవుతుందో కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టమనండి. ఆ కాగితం మీద మాట్లాడుతూనే కోత విషయమూ అడగమనండి. తర్వాత ఒక ఆదివారం ఆ రెండు పేజీలు పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. ఇంగ్లిష్‌లో ఒక పేజీకి కుదించి రెజ్యూమెకు జత చేద్దాం.