ముగింపు ముందే తెలిస్తే కథలో ఇంకేం మిగులుతుంది?

మలుపు ముందే తెలిసిపోయిన సినిమా చూడటం, నవల చదవడం దండగ కాదా అన్నది మీ ప్రశ్న. కాదన్నదే నా సమాధానం. ఇంకొంచెం గట్టిగా చెప్పాలంటే, మలుపు తెలియగానే చప్పబడిపోయే కథలో మొదటినుంచీ సరుకు తక్కువేనని నా నమ్మకం. ప్రేక్షకుడి దగ్గర ఏం దాచారన్న దానికన్నా, ప్రేక్షకుడికి తెలిసిన సంగతి పాత్రల్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదానిమీదే కథ బిగువు ఆధారపడి ఉంటుంది.

ఈ కిటుకు మనవాళ్లకు కొత్తదేమీ కాదు. తిక్కన విరాటపర్వంలో కీచకుడు నర్తనశాలకు వచ్చేసరికి, అక్కడ చీకట్లో ఉన్నది ద్రౌపది కాదనీ, భీముడనీ మనకు తెలుసు. తెలుసు కాబట్టే అతడు సింగారించుకుని వచ్చి తన అందాన్ని తానే పొగుడుకుంటుంటే నవ్వూ భయమూ ఒక్కసారే కలుగుతాయి. భీముడి సంగతి మన దగ్గర కూడా దాచి చివర్లో బయటపెట్టి ఉంటే, ఒక్క క్షణం ఉలిక్కిపడి ఊరుకునేవాళ్లం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం మొదటి ప్రదర్శనకు ఎంచుకున్నది కూడా ఈ కీచకవధనే. చూడవచ్చిన జనంలో ఆ కథ తెలియనివారు ఎందరుండి ఉంటారు?

గురజాడ ‘కన్యాశుల్కం’లోనూ ఇదే పని జరుగుతుంది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కన్నకూతురని చెప్పి బేరం పెడతాడు. పెళ్లికూతురు మగపిల్లవాడని మనకు తెలుసు. డబ్బు లెక్కపెట్టే ముసలాయనకు తెలియదు. ఆ రహస్యాన్ని చివరిదాకా అట్టేపెట్టి ఉంటే, బేరసారాల ఘట్టంలో నవ్వు పుట్టేదే కాదు.

ఇక ‘మాయాబజార్’ గురించి చెప్పకుండా నేను ఉండలేను. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాను మా ఇంట్లో టీవీలో ఎప్పుడు వేసినా, రాబోయే ప్రతి సన్నివేశాన్నీ మా అమ్మమ్మ ముందే ప్రకటించేది. “ఇప్పుడు చూడండర్రా, కాలు తొక్కుతుంది” అనేది. మాయా శశిరేఖ పాదం లక్ష్మణ కుమారుడి కాలిమీద పడగానే, తనే ఆ రహస్యం కనిపెట్టినట్టు అందరికంటే ముందు నవ్వేది. విసుక్కున్నవాళ్లు మాలో ఒక్కరూ లేరు. పెళ్లిపీటల మీద ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలియకపోతే, సావిత్రి నటనలోని సొగసు సగానికి సగం పోయేది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు మధ్యలోకి ఘంటసాల గొంతు దూరినప్పుడు, సుకుమారంగా ఉన్న పిల్లలో ఎస్.వి.రంగారావు ఠీవి ఒక్కసారిగా తొంగిచూస్తుంది. ఆ తేడాను పట్టుకుని ఆనందించాలంటే లోపల ఉన్నది ఎవరో ముందే తెలిసి ఉండాలి. ఈ సినిమాలో పాండవులు తెరమీద కనిపించనే కనిపించరు. ఆ లోటు ఎవరికీ తోచకపోవడానికి కారణం కూడా మనకు కథ తెలిసి ఉండటమే.

ఎదురు ఉదాహరణగా చాలామంది ‘బాహుబలి’ని చూపిస్తారు. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నను 2015 నుంచి 2017 దాకా జనం నోట నానబెట్టిన మాట నిజమే. కానీ రెండో భాగాన్ని మళ్లీ చూడండి. కుంతల రాజ్యంలో బాహుబలి అమాయకుడిలా నటిస్తూ కట్టప్పను మామా అని పిలుస్తూ తిరిగే ఘట్టాలు ఉత్త హాస్యంగా మిగలకపోవడానికి కారణం, ఆ చేతులే ఇతడిని చంపబోతున్నాయని మనకు ముందే తెలిసి ఉండటం. ‘ఎందుకు’ అన్నదానికి దొరికిన జవాబు నాకు అంతగా గుర్తుండదు గానీ, ఆ చనువు మాత్రం గుర్తుంటుంది.

అలాగని ప్రేక్షకుడికి అన్నీ చెప్పేస్తే చాలదు. మన టీవీ సీరియళ్లలో అత్తగారి కుట్ర మొదటివారంలోనే మనకు తెలుస్తుంది, కోడలికి మాత్రం ఏళ్లు గడిచినా తెలియదు. అక్కడ విసుగెందుకు పుడుతుందంటే, తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఏ సన్నివేశమూ ఒక్క అడుగైనా ముందుకు వేయదు. తలుపు చాటున విన్నవాళ్లు చెప్పబోయేసరికి ఫోన్ మోగుతుంది. మాయాబజార్‌లో పెళ్లి ముహూర్తం ముంచుకొస్తుంటుంది, కన్యాశుల్కంలో కాసులు చేతులు మారుతుంటాయి. ఆ ఒత్తిడి లేనప్పుడు మనకు తెలిసిన రహస్యం వట్టి బరువే.

అపరాధ పరిశోధన నవలలకు మాత్రం నేను మినహాయింపు ఇస్తాను. అక్కడ హంతకుడెవరో కనిపెట్టడం రచయితకూ పాఠకుడికీ మధ్య పందెం కాబట్టి, ఆ పేరు ముందే చెప్పేసినవారిమీద కోపం రావడం న్యాయమే. అయినా, ఆధారాలన్నీ నిజాయితీగా కళ్లముందే పరిచిన నవలనైతే, రెండోసారి హంతకుడు తెలిసి చదవడంలో ఇంకో రకమైన సరదా ఉంటుంది. మొదటిసారి చూసీ చూడనట్టు దాటేసిన వాక్యం దగ్గర ఈసారి ఆగి, రచయిత మనల్ని ఎక్కడ ఏమార్చాడో పట్టుకోవచ్చు.