లారీ ఆఫీసు గుమాస్తా కూతురు లాజిస్టిక్స్ చదవొచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఒక పార్శిల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లుగా బుకింగ్ గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. లాజిస్టిక్స్ (సరుకు రవాణా, నిల్వ నిర్వహణ), సప్లై చైన్‌లో ఎంబీఏ చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ రెండేళ్లకు పది లక్షలు చెబుతోంది. అందులోనే ‘సప్లై చైన్ అనలిటిక్స్’ తీసుకుంటే ఇంకా డిమాండ్ అట. నేను లారీల మధ్యే బతికాను, ఆడపిల్లను కూడా అందులోకే పంపాలా? సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్పించమని మా బావమరిది అంటున్నాడు. రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: పోల్చి చెబుతాను. అయితే మీ ఉత్తరంలో కోర్సు గురించిన సందేహం కొంతే, మీ ఉద్యోగం మీద మీకున్న బాధ చాలా ఉంది. ఆటోనగర్ నుంచి, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. బండి ఓనర్లు, కమీషన్ కొట్ల గుమాస్తాలు, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్లు, అందరి మాటా ఒకటే: నేను పడ్డ పాట్లు నా పిల్లలు పడకూడదు. తండ్రిగా అలా అనుకోవడంలో తప్పేం లేదు. కానీ మీరు చేరినప్పటి రంగం వేరు, మీ అమ్మాయి అడుగుపెట్టబోయే రంగం వేరు. ఆ మార్పులో చాలా భాగం మీ కళ్ల ముందే జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు ఎనభై శాతానికి పైగా రైళ్లలోనే వెళ్లేది. ఇప్పుడు రైల్వే వాటా మూడో వంతు కూడా లేదు. రోడ్లు బాగుపడ్డాయి కాబట్టి ఇలా జరిగిందని అందరూ అంటారు. అది సగమే నిజం. 1980ల్లో రైల్వే బొగ్గు, సిమెంటు, ఎరువుల్లాంటి భారీ సరుకు మీద దృష్టి పెట్టి, నిండు రేక్, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలు, ఒకచోట బయల్దేరి ఇంకోచోటికి నేరుగా వెళ్లే పద్ధతికి మారింది. పది బస్తాలో ఇరవై పెట్టెలో పంపుకునే చిన్న వ్యాపారికి గూడ్స్ రైల్లో చోటు లేకుండా పోయింది. ఆ సరుకంతా లారీ ఎక్కింది. మీ ఆఫీసులాంటి పార్శిల్ సర్వీసులు నిలదొక్కుకున్నది దాని మీదే.

ఆ తర్వాత పన్నుల సంగతి. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రకారం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మితే పన్ను పడేది. అదే కంపెనీ తన సొంత డిపోకు తరలించుకుంటే పడేది కాదు. అందుకే సబ్బుల కంపెనీ, మందుల కంపెనీ, టైర్ల కంపెనీ రాష్ట్రానికో డిపో, ఆ సరుకు దించుకుని నిల్వ చేసి పంపే ఒక సీ అండ్ ఎఫ్ ఏజెంటు పెట్టుకునేవి. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ డిపో నుంచి బెజవాడకు వచ్చే సరుకు కూడా పక్క రాష్ట్రపు సరుకైపోయింది. గరికపాడు దగ్గర కొత్తగా చెక్‌పోస్టు వచ్చింది. ఇక తడ దగ్గర, ఇచ్ఛాపురం దగ్గర బండ్లు బారులు తీరి ఆగడం మీకు నేను చెప్పేదేముంది? సరుకు ఎప్పుడొస్తుందని పార్టీలు అడుగుతుంటే సమాధానం చెప్పలేక నలిగిపోయింది మీలాంటి గుమాస్తాలే.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య సరుకుకు ఈ-వే బిల్లు (బండి వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం), 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాయి. పన్ను కోసమే రాష్ట్రానికో గోడౌన్ ఉంచుకోవాల్సిన అవసరం తీరింది. కంపెనీలు చిన్న డిపోలు తగ్గించుకుని హైవేల పక్కన పెద్ద గోడౌన్లు కడుతున్నాయి. దీంతో చిన్న సీ అండ్ ఎఫ్ ఏజెంట్లు కొందరు దెబ్బతిన్నారు, ఆ నష్టం చిన్నది కాదు. కానీ అదే సమయంలో కొత్త రకం మనుషుల అవసరం వచ్చింది. ఏ సరుకు ఎంత నిల్వ ఉంచాలి, ఎప్పుడు తెప్పించాలి, ఏ బండి ఎక్కడుంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని చూసేవాళ్లు. ఈ-వే బిల్లు గడువు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. చిల్లకల్లు దాటాక బండి చెడిపోయి సరుకును వేరే బండిలోకి మార్చారనుకోండి, కొత్త బండి నంబరు పోర్టల్‌లో ఎక్కించాలి. గడువు చాలకపోతే పొడిగించుకోవాలి. మర్చిపోతే దారిలో బండి ఆపి జరిమానా వేస్తారు. బీకాం చదివిన మీ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని చేయగల పని ఇది.

మన పక్కనే జరిగిన ఇంకో విషయం చెప్పనివ్వండి. గుంటూరు ఎండుమిర్చి బంగ్లాదేశ్‌కు ఎప్పటి నుంచో లారీల్లో వెళ్లేది. 2020లో లాక్‌డౌన్ వల్ల ఆ దారి మూసుకుపోయింది. గూడ్స్ రైల్లో పంపాలంటే ఒక్కసారికి 1,500 టన్నులకు పైగా కావాలి. అంత సరుకు ఒక్క వ్యాపారి దగ్గర ఎక్కడుంటుంది? అప్పుడు రైల్వే అధికారులు యార్డు వ్యాపారులతో, రైతులతో మాట్లాడి, జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు 16 పార్శిల్ వ్యాన్లతో ప్రత్యేక రైలు నడిపారు. 384 టన్నుల మిర్చి వెళ్లింది. లారీలో టన్నుకు ఏడు వేలు పడేది అయిదు వేల లోపు పడింది. చిన్న చిన్న లాట్లను కలిపి ఒక రైలు నింపాలన్న ఆలోచన, ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్నో రాసుకునే లెక్క, సరిహద్దు దాటించే కాగితాలు, వీటన్నిటినీ కలిపితేనే సప్లై చైన్. నాలుగు దశాబ్దాల కిందట రైలు దిగిన చిన్న వ్యాపారి సరుకు మళ్లీ రైలెక్కింది కాబట్టే నాకీ ఉదాహరణ అంటే ఇష్టం.

ఇక ఆ పది లక్షల కోర్సు. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. కాలేజీ బ్రోషర్ తెప్పించి చూడండి. మన జీడీపీలో లాజిస్టిక్స్ ఖర్చు 14 శాతం అని మొదటి పేజీలోనే ఉండొచ్చు. ఏళ్ల తరబడి అందరూ చెప్పుకున్న అంకె అది. కేంద్ర ప్రభుత్వం కోసం ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ వేసి 2025లో బయటపెట్టిన లెక్కలో 2023-24కి అది 7.97 శాతమే. తాను చెప్పే సబ్జెక్టులో మొదటి అంకెనే సరిచూసుకోని కాలేజీ, ప్లేస్‌మెంట్ల గురించి చెప్పే అంకెలను నమ్మమంటే నేను నమ్మను.

అనలిటిక్స్, అంటే సరుకు లెక్కలను కంప్యూటర్‌లో విశ్లేషించే చదువు, దాని మీద అనుమానం ఇంకా ఎక్కువ. గోడౌన్‌లో హమాలీలు దించినవి 96 పెట్టెలు, కంప్యూటర్‌లో ఎక్కినవి 100. ఆ నాలుగూ లోడింగ్‌లో తగ్గాయా, దారిలో పోయాయా, రాసేటప్పుడే తప్పు పడిందా అని ఆరా తీయడం రాని వాళ్లు స్క్రీన్ మీద గ్రాఫులు గీసి ఏం లాభం? ఇలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ‘ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్’ పేరుతో డెలివరీ హబ్‌లలో షిఫ్టు చూస్తున్నారు. ఆ పని తక్కువదని నేననడం లేదు. అదే షిఫ్టు పక్కన మామూలు డిగ్రీ చేసినవాళ్లు కూడా చూస్తున్నారు, పది లక్షల అప్పు లేకుండా. అనలిటిక్స్ నేర్చుకోవాల్సిందే, కానీ రెండేళ్లు సరుకు మధ్య తిరిగాక నేర్చుకుంటే పట్టుబడుతుంది.

‘ఆడపిల్లను లారీల మధ్యకా’ అన్నారు. కొంచెం కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ పిల్లకు స్కూలు ఫీజు కట్టింది ఆ లారీలే. ఇంట్లో రోజూ మీ పనిని మీరే తక్కువ చేసి మాట్లాడుతుంటే కూడా, అందులోనే చదువుతానని ఆమె అంటోందంటే, మీ పనిలో మీకు కనపడనిదేదో ఆమెకు కనిపించింది. ఏం కనిపించిందని అడిగారా? ఉత్తరంలో బావమరిది అభిప్రాయం ఉంది, అమ్మాయి కారణం ఒక్క ముక్క లేదు. ఆమె భద్రత గురించి అడిగి ఉంటే మెచ్చుకునేవాణ్ని. రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ ఇస్తారా, ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉందా, షిఫ్టులో ఇంకెంతమంది ఆడవాళ్లున్నారు అని ఏ ఉద్యోగం ముందైనా అడగాల్సిందే. మన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు చాలావాటిలో ఇవి లేవు, అది నిజమైన ఇబ్బంది.

పోలిక ఒక్క మాటలో: సాఫ్ట్‌వేర్ మీద ఆమెకు ఇష్టం లేనప్పుడు ఆ కోర్సు వద్దు. పది లక్షల ఎంబీఏ ఇప్పుడే వద్దు. బీకాం అయ్యాక ఒకటి రెండేళ్లు పనిలో చేరనివ్వండి. గుంటూరులో మిర్చి ఎగుమతిదారుల దగ్గర ఇన్‌వాయిస్, స్పైసెస్ బోర్డు పరీక్షల రిపోర్టు, సరుకులో పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు చూసే పని ఉంటుంది. లేదా ఎగుమతి, దిగుమతి కాగితాలు నడిపించే కస్టమ్స్ బ్రోకర్ దగ్గర, ఏదైనా పెద్ద గోడౌన్‌లో స్టాకు లెక్కల దగ్గర. పని చేస్తూనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ వారి పీజీ డిప్లొమా దూరవిద్యలో చదవొచ్చు. అప్పటికీ ఎంబీఏ కావాలంటే మంచి సంస్థకే ప్రయత్నించమనండి. రవాణా రంగం కోసమే కేంద్రం వడోదరలో నడుపుతున్న గతిశక్తి విశ్వవిద్యాలయం కూడా ఉంది. ముందు చిన్న జీతమే వస్తుంది, కంగారు పడకండి. కాగితమూ సరుకూ రెండూ తెలిసిన పిల్లను ఈ రంగం ఖాళీగా కూర్చోబెట్టదు.

సీటు పోతుందంటూ ఆ కాలేజీ వాళ్లు మీకు ఫోన్లు చేస్తూనే ఉంటారు. టెన్షన్ పడి అడ్వాన్స్ కట్టకండి. అదే కోర్సులో పోయిన ఏడాది పాసైన అయిదుగురితో మాట్లాడించమని అడగండి. వాళ్ల ఉద్యోగం పేరు, చేతికొచ్చే జీతం, షిఫ్టు వేళలు మీ అమ్మాయి చేతే అడిగించండి. మాట్లాడించడం కుదరదంటే ఆ కాలేజీ సంగతి వదిలేయండి.