కథలో "పైకి" అంటే ఎటు? మ్యాప్ పక్కన పెట్టుకుని రాసేవాళ్ళ సందేహం

సందేహం: పిల్లల కోసం ఒక సాహస నవల రాస్తున్నానండీ. కథంతా అనంతపురం జిల్లాలో పెన్న ఒడ్డున ఒక కల్పిత ఊళ్ళో జరుగుతుంది. రాసేముందు ఊరికి ఒక మ్యాప్ గీసుకున్నా, ఉత్తరం పైన పెట్టి. అది చూసుకుంటూ "వీరన్న ఊరి నుంచి పైకి నడిచి పాడుబడ్డ గుడి చేరుకున్నాడు" అని రాశా. మా మామయ్య చదివి "అయితే గుడి ఏటికి ఎగువనా?" అన్నాడు. నా ఉద్దేశం ఉత్తరం వైపని. "పైకి" అనడం తప్పా? ఇంకోటి, నవల మొదట్లో మ్యాప్ వెయ్యడం మన పద్ధతేనా, ఇంగ్లీషు నవలల నుంచి వచ్చిందా? – అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ మామయ్యగారు అర్థం చేసుకున్నదే కరెక్టమ్మా. మీ వాక్యంలో వ్యాకరణం తప్పేం లేదు, కానీ అది వీరన్నని మీరు అనుకున్న వైపు కాకుండా సరిగ్గా రెండో వైపుకి పంపించింది.

పైన, కింద, ఎగువ, దిగువ ఇవన్నీ మనకి నేల వాలుని బట్టి, నీళ్ళ పారుదలని బట్టి వచ్చిన మాటలు. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అంటాం, అక్కడ ఉత్తరం ఎటు అని ఎవరూ అడగరు, కొండ ఎక్కాలా అక్కర్లేదా అన్నదే లెక్క. "ఎగువ నుంచి వరద వస్తోంది" అని టీవీలో చెప్తే భద్రాచలంలో ఉన్నవాళ్ళకి ఎటు చూడాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు. కాలవ కింద పొలాలున్న ఊళ్ళో పైపొలం, కిందిపొలం అన్నా అంతే, నీళ్ళు ముందు ఎవరికి అందుతాయో వాళ్ళది పైన.

ఇప్పుడు మీ కథ సంగతి. పెన్న మీ జిల్లాలో చాలా దూరం ఉత్తరానికి పారుతుంది కదా. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, హిందూపురం వైపు నుంచి వచ్చి, అలా ఉత్తరంగా పోయి పోయి ఆ తర్వాతే తూర్పుకి మళ్ళి తాడిపత్రి, కడప జిల్లా దాటుకుని నెల్లూరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. పేరూరు దగ్గర డ్యామ్‌ని అప్పర్ పెన్నార్ అంటారు, అదే మ్యాప్‌లో చూడండి, పెన్న అహోబిలం రిజర్వాయర్ కంటే బాగా కింద ఉంటుంది. కాగితం మీద కింద, ఏటికి ఎగువ. అందుకే "పైకి నడిచాడు" అనగానే ఆ ఏటిని ఎరిగిన మీ మామయ్యకి వీరన్న దక్షిణానికి పోతున్నట్టు వినపడింది. నైలు నది కూడా ఇలాగే ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఎగువ ఈజిప్టు మ్యాప్‌లో అడుగున ఉంటుంది. మీ కథే రాజమండ్రి దగ్గర జరిగుంటే ఈ తేడా బయటపడేదే కాదు, అక్కడ గోదారి దక్షిణం వైపుకి దిగుతుంది కాబట్టి కాగితం మీద పైనా, ఏటికి ఎగువా ఒకవైపే పడతాయి.

అలాగని మ్యాప్‌లోని "పైన" అనే మాట ఎక్కడా వాడొద్దని కాదు. "పైన ఒడిశా, కింద తమిళనాడు" అని స్కూలుకెళ్ళిన అందరం అంటున్నాం, అది తెలుగులో స్థిరపడిపోయింది, నేనైతే తప్పు అనను. మీ నవల్లో ఎవరైనా మ్యాప్ చేతిలో పట్టుకుని "ఇదిగో ఊరు, దీనికి పైన గుడి" అని వేలు పెట్టి చూపిస్తే అది నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. కానీ ఏటి ఇసకలో నడుస్తున్న పిల్లాడి వెంట కథ నడుస్తున్నప్పుడు ఆ పిల్లాడి కాళ్ళకి ఏది తెలుస్తుందో అది రాయాలి. ఆ వాక్యాన్నే "పొద్దుటి ఎండ కుడి చెంప మీద పడుతుంటే వీరన్న ఏటి వెంబడే దిగువకి నడిచి పాడుబడ్డ గుడి చేరుకున్నాడు" అని రాసి చూడండి. ఉత్తరం అనే మాటే లేదు, అయినా పొద్దున పూట ఎండ కుడిపక్క తగిలిందంటే మనిషి ఉత్తరానికి పోతున్నట్టే, చదివే పిల్లలు దాన్ని వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారు, పట్టుకున్నప్పుడు వాళ్ళకి కలిగే సంతోషం వేరు.

ఈ విషయంలో స్టీవెన్‌సన్ మాట వినాలి. ట్రెజర్ ఐలాండ్ నవల పుట్టిందే ఒక మ్యాప్ లోంచి. 1881లో స్కాట్లాండ్‌లో బ్రేమర్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు వానలకి బయటికి వెళ్ళే వీల్లేక, సవతి కొడుకుతో కూర్చుని రంగులతో ఒక దీవి మ్యాప్ వేశాడు, ఆ దీవిని చూస్తుంటే అందులోంచి మనుషులు లేచొచ్చారు. 1883లో పుస్తకంగా వేసేటప్పుడు ఆ మ్యాప్ పబ్లిషర్‌కి చేరనేలేదు, దార్లో ఎక్కడో పోయింది. కథలో ఉన్న సూచనలన్నీ ఏరుకుని, వాటికి సరిపోయేలా తండ్రి ఆఫీసులో మళ్ళీ గీయించాల్సొచ్చింది, అయినా ఆ రెండోది నాకు ఎప్పటికీ అసలు దీవి అనిపించలేదని తర్వాత ఒక వ్యాసంలో బాధగా రాసుకున్నాడు. అదే వ్యాసంలో రచయితకి తన ప్రాంతం, నిజమైనదైనా కల్పితమైనదైనా, అరచెయ్యిలా తెలిసుండాలంటాడు, దూరాలు, దిక్కులు, పొద్దు పొడిచే చోటు, చంద్రుడి నడక అన్నీ. చంద్రుడి దగ్గర ఒకసారి పొరపాటు పడి అప్పట్నుంచి అల్మనాక్ పక్కన లేకుండా రాయనంటాడు. అంటే మన పంచాంగం. మీరూ పెట్టుకోండి. అమావాస్య తర్వాతి విదియ నాటి చంద్రుడు సాయంత్రం పడమట కనిపించి కాసేపటికే దిగిపోతాడు, అలాంటిది అర్ధరాత్రి వెన్నెల్లో వీరన్న గుడి తలుపు వెతికాడని రాస్తే పల్లెటూరి పిల్లలు పట్టేసుకుంటారు.

ఇక రెండో ప్రశ్న. నవల ముందు అచ్చు మ్యాప్ వెయ్యడం ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చిన అలవాటే. కానీ కథకుడు చోట్లని వరసగా విప్పి చూపించడం మనకి ఎప్పటినుంచో ఉంది. కిష్కింధకాండలో సుగ్రీవుడు సీతని వెతకడానికి వానరుల్ని నాలుగు దిక్కులకీ పంపుతూ ఒక్కో దిక్కుకీ దారి చెప్తాడు, హనుమంతుడు వెళ్ళే దక్షిణ దిక్కులో గోదావరి, కృష్ణవేణి, ఆంధ్రులు, చోళులు, పాండ్యులు, కావేరి, తామ్రపర్ణి ఇలా సముద్రం దాకా. నాకు అందులో చాలా ఇష్టమైన చోటు ఏంటంటే, అందరూ వెళ్ళిపోయాక రాముడు అడుగుతాడు, ఈ భూమండలమంతా నీకెలా తెలుసయ్యా అని. వాలి తరిమితే ప్రాణభయంతో అన్ని దిక్కులకీ పరిగెత్తాను, అప్పుడు చూశాను అంటాడు సుగ్రీవుడు. ఆ జాబితా అంతా అతని భయం గీసిన మ్యాప్ అని అప్పుడు తెలుస్తుంది మనకి.

భార్యకి దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపే కాళిదాసు కావ్యం మేఘదూతం ఇంకా దగ్గరి ఉదాహరణ. మేఘం పైనుంచే చూస్తుంది కదా, అయినా యక్షుడు దానికి దారి నదుల మీదుగా, కొండల మీదుగా చెప్తాడు, కాస్త పడమటికి వెళ్ళి మళ్ళీ ఉత్తరానికే తిరుగు అని. విదిశ దాటాక మాత్రం ఉత్తరానికి పోయేవాడికి దారి వంకరే అయినా ఉజ్జయిని మేడలు చూడకుండా పోవద్దంటాడు. శ్లోకం చదివితే అందంగానే ఉంటుంది, కానీ ఒకసారి మ్యాప్ తెరిచి విదిశ, ఉజ్జయిని ఎక్కడున్నాయో చూడండి, ఉజ్జయిని బాగా పడమటికి జరిగి కాస్త దక్షిణానికి కూడా ఉంటుంది. భార్య కోసం తహతహలాడుతున్న యక్షుడు తన దూతని అంత దూరం పక్కకి మళ్ళించాడంటే కాళిదాసుకి ఆ ఊరంటే ఎంత ప్రేమో మ్యాప్ చూశాకే పూర్తిగా తెలుస్తుంది. చదివేవాళ్ళకి మ్యాప్ వల్ల ఒరిగేది ఇదీ. కాబట్టి మీ పుస్తకంలో నిస్సంకోచంగా వెయ్యండి.

వేసేటప్పుడు ఉత్తరం గుర్తుతో పాటు పెన్న మీద నీళ్ళు పారే వైపుకి ఒక బాణం కూడా గీయించండి, పిల్లలకి ఎగువ దిగువలు దాంతోనే తెలుస్తాయి. కుడిగట్టు, ఎడమగట్టు అని రాయాల్సొస్తే దిగువకి మొహం పెట్టి నిలబడ్డట్టు ఊహించుకుని లెక్కేసుకోండి, నాగార్జునసాగర్ కుడి కాలవకి ఆ పేరు అలా వచ్చిందే. మీ ఊరి దగ్గర పెన్న ఉత్తరానికి పోతోంది కాబట్టి తూర్పు ఒడ్డు కుడిగట్టు అవుతుంది, మీ గుడి ఏ గట్టున ఉందో ఒకసారి చూసుకోండి.