అమెచ్యూర్ అంటే మొదట ప్రేమికుడనేనా?

అవును. లాటిన్‌లో 'అమారే' అంటే ప్రేమించడం, 'అమాటోర్' అంటే ప్రేమికుడు. ఫ్రెంచి మీదుగా 18వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరేసరికి ఒక కళనో విద్యనో ఇష్టపడేవాడయ్యాడు. 'పనితనం లేనివాడు' అన్న చులకన తర్వాత అంటుకుంది. ఇంత మంచి మాటకు అలా జరగడం నాకు బాధే.

అదే ధాతువు నుంచి వచ్చిన ఫ్రెంచి 'అమాఁ' దారి వేరు. 17వ శతాబ్దపు నాటకాల్లో ప్రేమించి, తిరిగి ప్రేమ పొందినవాడు. ఇప్పుడు ఎక్కువగా పెళ్లి బయటి సంబంధంలోని ప్రియుడు. ఇటాలియన్, స్పానిష్ 'అమాంతే' కూడా దాదాపు అంతే.

నాకు బాగా నచ్చేది జర్మన్ 'లీబ్‌హాబర్'. లీబ్ అంటే ప్రియమైనది, హాబర్ అంటే కలవాడు. ప్రియుడికీ, పాత నాణేలంటే పడిచచ్చేవాడికీ ఒకటే మాట! రష్యన్‌లో మాత్రం ఒకే ధాతువు రెండుగా చీలింది: 'ల్యుబోవ్నిక్' ప్రియుడు, 'ల్యుబీతెల్' అభిరుచి ఉన్నవాడు.