రెండు గ్రాఫిక్స్ కార్డులకు నీళ్లు పెట్టాల్నా, వద్దా

బిడ్డా,

రెండో ఎన్విడియా 3090 గ్రాఫిక్స్ కార్డు దొరికిందని, రెండింటికీ వాటర్ కూలింగ్ చేయించాల్నా అని అడిగినవ్. పార్టులు ఆర్డర్ పెట్టకముందే అడుగుడు మంచిదైంది. నీళ్ల ముచ్చట తర్వాత. ముందు ఆ రెండు కార్డులు దేనికో తేల్చుకో.

ఆటల కోసమే అయితే రెండోది కొననే కొనకు. రెండు కార్డులు కలిసి ఒక ఆట నడిపే కాలం అయిపోయింది. ఎస్ఎల్ఐ అంటే రెండు కార్డులు కలిపే ఎన్విడియా పద్ధతి; ఆ పాత కార్డులకు కొత్త ఆటల ప్రొఫైళ్లు చేర్చుడు ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి బంద్ పెట్టింది. ఎన్‌వీలింక్ (కార్డులను కలిపే బ్రిడ్జి) కనెక్టర్ 3090 తరంతోనే ఆగింది, 2022ల వచ్చిన 4090కి అది లేనే లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12ల (విండోస్ ఆటలు కార్డుతోని మాట్లాడే పద్ధతి) రెండు కార్డులు వాడుకునే వీలున్నది గని, ఆ పని ఆట తయారుచేసేటోళ్లే చెయ్యాలె. చేసినోళ్లు చాలా తక్కువ. ఎక్కువ ఆటలల్ల రెండో కార్డు ఉత్తగనే కూసుంటది, పైగా మొదటిదాని ఫ్యాన్లకు గాలి అడ్డం పడతది.

బ్లెండర్‌ల (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) సైకిల్స్ ఇంజన్‌తోని రెండర్లు, అంటే సీన్లను బొమ్మలుగ తీసుడు, కూడా చేస్తున్నవ్ కాబట్టి నీ లెక్క వేరు. అక్కడ బ్రిడ్జి లేకున్నా రెండు కార్డులు పని పంచుకుంటయ్, రెండర్ టైము దాదాపు సగానికి దిగుతది. కాకపోతే బ్రిడ్జి లేనప్పుడు సీను మొత్తం ఒక్కో కార్డు 24 జీబీ మెమరీల పట్టాలె. రెండూ కలిపి 48 అనుకోకు.

ఇగ వేడి సంగతి. రెండు కార్డుల కేసుల అసలు ఇబ్బంది సందు. 3090లు చాలావరకు రెండున్నర నుంచి మూడు స్లాట్ల మందం ఉంటయ్. నడుమ వేలు దూరే జాగ లేకపోతే పై కార్డు కింది కార్డు వీపు మీది వేడిగాలినే పీలుస్తది. ఈ కార్డుకు ఇంకో తిప్పలున్నది: మెమరీ చిప్పులు 24 ఉంటే 12 బోర్డు వెనుక దిక్కే ఉంటయ్, అవి కూడా గట్టిగనే కాగుతయ్. అందుకే కోర్ (కార్డు అసలు చిప్పు) టెంపరేచర్ 75 చూపించినా మెమరీ 110 డిగ్రీలకు పోయి స్పీడు తగ్గించుకుంటది. చూసేటోళ్లకు కారణం అర్థం కాదు.

రూపాయి పెట్టకముందు ఒక పరీక్ష చెయ్యి. అది మే నెలల, మధ్యాహ్నం మూడు గంటలకు చెయ్యాలె. డిసెంబర్‌ల చేస్తే అన్నీ మంచిగనే కనబడతయ్. మీది పై అంతస్తు, స్లాబు వేడి రాత్రి పదింటిదాక దిగదు. గదిల గోడ థర్మామీటర్ పెట్టు. రెండు కార్డుల మీద ఫుల్ లోడుతోని అరగంట రెండర్ నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోల (వేడి చూపే సాఫ్ట్‌వేర్) ఒక్కో కార్డుకు మూడు అంకెలు రాసుకో: కోర్, హాట్ స్పాట్ (చిప్పుల అన్నిటికన్నా కాగే చోటు), మెమరీ జంక్షన్ (మెమరీ చిప్పుల లోపలి వేడి). పక్కన గది వేడి రాయి. తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌ల (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 80 శాతానికి దించి మళ్లీ అరగంట నడుపు. 350 వాట్ల కార్డు 280కి వస్తది. వేడి ఐదో వంతు తగ్గుతది, రెండర్ టైము మాత్రం అంత పెరగదు. ఈ ఒక్క మార్పుకు ఖర్చు సున్నా. చాలామంది దీన్ని చూడకుండనే నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్ కొంటరు, అది నాకు బాధ అనిపిస్తది.

80 శాతం మీద పై కార్డు మెమరీ 95 లోపల ఆగితే నీళ్ల ఆలోచన విడిచిపెట్టు. ఆగకపోతే థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని కూలర్‌కు చేర్చే మెత్తటి పట్టీలు) మార్చి చూడు. సెకండ్ హ్యాండ్ కార్డుల ప్యాడ్లు ఎండి గట్టిపడి ఉంటయ్. మదర్‌బోర్డుల మూడో స్లాటు ఉంటే కింది కార్డును దానికి జరపొచ్చు. అది నాలుగు లేన్లదే (డేటా దారులు తక్కువదే) అయినా రెండర్‌కు పెద్దగ నష్టం లేదు. ఇవన్నీ చేసినా మెమరీ 105 దాటుతున్నదంటే అప్పుడు నీళ్లు పెట్టుడు సరైన పనే. వాటర్ బ్లాకు (నీళ్లు పారే లోహపు పలక) బిగించిన కార్డు ఒకటి, రెండు స్లాట్ల మందానికి దిగుతది, సందు సమస్య మొదలుకే పోతది.

కానీ ఒక భ్రమ పెట్టుకోకు. నీళ్లు వేడిని మాయం చెయ్యవ్, కార్డు కాడినుంచి రేడియేటర్ కాడికి మోసుకపోతయ్. అక్కడినుంచి అది నీ గదిలకే వస్తది. మొత్తం సిస్టం 1,000 వాట్లు తింటే 1,000 వాట్ల హీటర్ గదిల పెట్టినట్టే. ఒక టన్ను ఏసీ తీసే వేడి 3.5 కిలోవాట్లు, అందుల నాలుగో వంతు కన్నా ఎక్కువ నీ కంప్యూటరే తింటది. నీళ్లు గది వేడి కన్నా కిందికి ఎన్నడూ దిగవ్. గది 38 ఉంటే నీళ్లు 48, 50కి వస్తయ్, కోర్ ఇంకో 12 నుంచి 15 ఎక్కువ ఉంటది. డీ5 రకం పంపు తట్టుకునే నీటి వేడి 60 డిగ్రీలు. పెట్‌జీ ప్లాస్టిక్ గట్టి ట్యూబులు కూడా ఆ దరిదాపులనే మెత్తబడతయ్. అందుకని ఏసీ లేని గదిల గట్టి ట్యూబుల జోలికి పోకు, ఈపీడీఎమ్ రబ్బరు మెత్త ట్యూబు వాడు. సోకు కొంచెం తక్కువైనా పనికి అదే నమ్మకం.

ఎయిర్ కూలర్ ముంగట కేసు పెట్టొద్దు. పైపుల మీద నీటి బొట్లు పడతయని భయపడేటోళ్లున్నరు. మన లూపుల (నీళ్లు తిరిగే చుట్టుల) నీళ్లు ఎప్పుడూ గది కన్నా వెచ్చగనే ఉంటయ్ కాబట్టి అట్ల పడవ్. తడి గాలికి దుమ్ము రేడియేటర్ రెక్కలల్ల ముద్దగ అంటుకునుడే అసలు నష్టం. మీ ఇల్లు ఏనుమాముల దిక్కు, పత్తి సీజన్ల గాలిల దూది ఎగురుతది. ముంగటి జాలీ వారానికోసారి తియ్యకపోతే రేడియేటర్‌కు గాలి ఆడదు.

రేడియేటర్ ఎంత కావాలెనంటే: 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి, ఫ్యాన్లు నిమిషానికి 1,200 తిరుగుళ్ల మీద, నీళ్లు గది కన్నా పది డిగ్రీలు ఎక్కువ ఉండేటట్టు, ఇంచుమించు 300 వాట్లు వదులుతది. రెండు కార్డులు 280 చొప్పున 560 వాట్లు. అంటే రెండు 360లు సరిపోతయ్. ప్రాసెసర్‌ను ఈ లూపుల కలపకు, దాని టవర్ కూలర్ దానికే ఉండనీ. కలిపితే మూడో రేడియేటర్ వెతకాలె, లీకయ్యే జాగలు పెరుగుతయ్, లాభం కనబడదు. ముంగటి రేడియేటర్ గాలి లోపలికి, మీదిది బయటికి.

బ్లాకు కొనే కాడ మస్తు జాగ్రత్త. 3090 అని పేరు ఒకటే గని ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కో తీరు. ఆసుస్ స్ట్రిక్స్ కార్డు బ్లాకు ఎన్విడియా రిఫరెన్స్ (మూల నమూనా) బోర్డుకు పట్టదు, ఎన్విడియా సొంత కార్డైన ఫౌండర్స్ ఎడిషన్‌కు అసలే పట్టదు. ముంగటి బ్లాకు వెనుక చిప్పులను తాకదు కాబట్టి నీళ్లు పారే బ్యాక్‌ప్లేట్ కూడా ఉన్నదా చూడు. లేకపోతే మన తిప్పల సగమే తీరినట్టు. రేడియేటర్ రాగిదో ఇత్తడిదో కావాలె. అల్యూమినియం రేడియేటర్‌ను రాగి బ్లాకుతోని కలిపితే అల్యూమినియం తినుకుంటపోయి లూపంత మడ్డి అయితది. కూలర్ విప్పితే వారంటీ ఉంటదా అన్నది కార్డు కాగితాలల్ల ముందే చదువు.

బ్లాకు బిగించేటప్పుడు ప్యాడ్ల మందం పుస్తకంల ఎంత రాస్తే అంతే వాడు. 1 మిల్లీమీటర్ కాడ 1.5 పెడితే కోర్‌కు బ్లాకు ఆనదు, ఆన్ చేసిన నిమిషంల 90 చూపిస్తది. స్క్రూలు ఎదురెదురు మూలలు తిప్పుకుంట కొంచెం కొంచెం బిగించు.

రెండు కార్డులను ఒకదాని వెంట ఒకటి కలిపితే రెండోది ఎక్కువ కాగుతదని భయపడకు. నిమిషానికి 3.8 లీటర్లు పారే లూపుల 350 వాట్లు నీళ్లను పెంచేది 1.3 డిగ్రీలే. వరుస ఎట్లున్నా పర్వాలేదు, రిజర్వాయర్ (నీళ్ల డబ్బా) ఒక్కటి పంపుకు ముందు, దానికన్నా మీద ఉండాలె. రెండు బ్లాకులను నీళ్ల బ్రిడ్జితోని కలిపితే ఫిట్టింగులు 8, అన్నిటికన్నా కింద ఒక టీ ఆకారం ఫిట్టింగు, డ్రెయిన్ వాల్వు, 3 మీటర్ల ట్యూబు. డ్రెయిన్ వాల్వు మానేస్తే తర్వాత నీళ్లు తీసేనాడు కేసునే బోర్లించాల్సి వస్తది. ఫిట్టింగులు చేతితోనే బిగించు. పానా పెడితే ఓ-రింగు చితికి అక్కడే కారుతది.

కొత్త రేడియేటర్లల్ల టంకం మిగులు ఉంటది. వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి ఊపి, నీళ్లు తేటగ వచ్చేదాక కడుగు. దానికి 5 లీటర్ల డబ్బా తెచ్చుకో, లూపుల పట్టేది లీటరు, లీటరున్నర. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిల ఉప్పులు మిగిలే ఉంటయ్. డిస్టిల్డ్ వాటర్‌ల రంగు లేని కూలెంట్ కాన్సన్‌ట్రేట్ కలుపు, తుప్పు పట్టకుండ, పాచి రాకుండ అది చూసుకుంటది. పాల లెక్క కనబడే రంగు కూలెంట్లు బ్లాకు సన్నగీతలల్ల పేరుకుంటయ్.

నీళ్లు పోసే ముందు ఎయిర్ టెస్టర్‌తోని 0.5 బార్ గాలి ఎక్కించి అరగంట చూడు, ముల్లు కదలొద్దు. తర్వాత కార్డులకు, బోర్డుకు కరెంటు లేకుండ, పవర్ సప్లై 24 పిన్ల ప్లగ్గుల ఆకుపచ్చ తీగెను నల్లదానితోని కలిపి పంపు ఒక్కటే నడుపు. ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి 24 గంటలు ఉంచు. పంపు ఎండగ మాత్రం తిప్పకు, పాడైతది. కూలెంట్ ఏడాదికోసారి మార్చు.

కరెంటు సంగతి నీళ్లు పెట్టినా పెట్టకున్నా చూడాల్సిందే. రెండు 3090లకు 1,300 వాట్లకు తగ్గని పవర్ సప్లై కావాలె, ఎందుకంటే ఇవి మిల్లీసెకన్ల పాటు 350 దాటి గుంజుతయ్. కార్డు మీది ఒక్కో సాకెట్‌కు వేరే కేబుల్ పెట్టు, ఒకే కేబుల్‌ను చీల్చి రెండు మూతులు చెయ్యకు. గోడకు 16 ఆంప్స్ ప్లగ్గు వాడు, ఏసీ ఉన్న లైను కాకుండ. 600 వీఏ యూపీఎస్ ఈ బరువు మొయ్యదు.

ఖర్చు చెప్పాల్నంటే బ్లాకులు, బ్యాక్‌ప్లేట్లు, రేడియేటర్లు, పంపు, ఫ్యాన్లు కలిపి లక్ష దరిదాపులకు పోవచ్చు. అందుకే పరీక్ష చెయ్యకుండ ఆర్డర్ పెట్టకు అంటున్న. ఆ అంకెలు, గది వేడి, రెండు కార్డుల వెనుకున్న స్టిక్కర్ల ఫోటోలు పంపు. ఏ బ్లాకు పడతదో చూసి చెప్త.

మీ పెద్దబాపు
హన్మకొండ