ఫీజు కడితే సరిపోతుందా?

ప్రశ్న: మా వీధిలో భర్త పోయిన ఒకావిడ బట్టలు కుడుతూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. నాలుగు, ఏడు తరగతులు. ముగ్గురు స్నేహితులం కలిసి ఫీజు కడదామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆవిడకు హక్కుగా వచ్చేది ఇప్పించండమ్మా. కేంద్ర పథకం 'మిషన్ వాత్సల్య' కింద వితంతువులు, భర్త వదిలేసినవారి పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌లు, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధం చేయించండి. పేర్ల దగ్గరే ఎక్కువ చిక్కులొస్తాయి: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. ముందే సరిచేయించండి. ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కూడా చూడండి.

ఇక మీ సాయం. ఫీజు నేరుగా బడిలో కట్టి, పిల్లల పేరిట రసీదు తీసుకోండి. అయితే తల్లిని పక్కన పెట్టకండి, ఏ బడి అన్నది ఆవిడే తేల్చాలి. ఫీజు ఒక్కటే చూస్తే జూన్‌లో బూట్లు, నోటుపుస్తకాలు, బస్‌పాస్ కోసం ఆవిడ వడ్డీకి తెస్తుంది. ఆ డబ్బు మే నెలలోనే పక్కన పెట్టండి. ముగ్గురిలో ఒకరు మానుకుంటే నడిమధ్యలో బకాయి పడుతుంది, అవమానం పిల్లలకు. అందుకే ఒక ఏడాది ఫీజు ముందుగా జమచేసుకున్నాకే మాటివ్వండి. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకండి, దయచేసి.