పిల్లలతో చూడదగిన పాత పల్లెటూరి పబ్: బ్రెట్‌ఫర్టన్‌లోని ఫ్లీస్ ఇన్

ఇంగ్లండులో పాత పల్లెటూరి పబ్ లోపల ఎలా ఉండేదో చూడాలని ఉందని, పిల్లలతో వెళ్లవచ్చా, మద్యం ముట్టనివారికి ఇబ్బందిగా ఉంటుందా అని మీరు అడిగారు. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మేము, ఇంటికి వచ్చిన బంధువులను వూస్టర్‌షైర్‌లోని బ్రెట్‌ఫర్టన్ గ్రామానికి, అక్కడి ఫ్లీస్ ఇన్‌కు తీసుకువెళ్తుంటాము. మీకూ అదే చెబుతాను.

15వ శతాబ్దంలో ఒక రైతు తన కుటుంబానికీ పశువులకూ కలిపి కట్టుకున్న ఇల్లు అది. 1848లో లైసెన్సు వచ్చి పబ్‌గా మారినా ఆ వంశం చేతిలోనే ఉండి, చివరి వారసురాలు లోలా టాప్లిన్ 1977లో కన్నుమూసినప్పుడు ఆమె కోరిక ప్రకారం పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు చెందింది. పబ్‌లో బంగాళాదుంప చిప్స్ అమ్మకూడదన్నది ఆమె పట్టుదల. లోపల ఇప్పటికీ ఒక కుటుంబం కాపురమున్న ఇంటి తీరే కనబడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

నేల అంతా రాతి పలకలు. దూలాలు ఎంత కిందికి ఉంటాయంటే పొడగరులు తల వంచి నడవాలి. ప్యూటర్ రూమ్ అనే గదిలో ఓక్ చెక్క అల్మరా అరల నిండా తగరం కలిసిన లోహపు పళ్లేలు, గిన్నెలు మసక వెండి రంగులో వరుసగా నిలబెట్టి ఉంటాయి. 17వ శతాబ్దపు ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజుపై పోరాడిన క్రామ్‌వెల్ సైన్యం వూస్టర్ యుద్ధానికి పోతూ వెండి సామాను తీసుకుని బదులుగా వీటిని వదిలివెళ్లిందని ఊళ్లో చెప్పుకుంటారు; అది కథే కావచ్చు గాని, ఆ పాత్రలు మాత్రం నిజంగా 17వ శతాబ్దం నాటివి. ఫైర్‌ప్లేస్ ముందు రాతి మీద తెల్లని వలయాలు గీసి ఉండటం తప్పక గమనించండి. పొగగొట్టం గుండా మంత్రగత్తెలు దిగకుండా వేసిన రక్ష అది. పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

2004లో గడ్డికప్పుకు నిప్పంటుకుని పై అంతస్తు బాగా దెబ్బతిన్నది. అదృష్టవశాత్తు కింది గదులూ ఆ లోహపు సామానూ దక్కాయి. మరమ్మతులు ముగిసి 2005లో పబ్ మళ్లీ తెరుచుకుంది.

మద్యం గురించి సంకోచించవలసిన పని లేదు. కౌంటరు దగ్గర పండ్లరసమో కూల్‌డ్రింకో అడిగి తీసుకుని, ఏ గదిలో ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు. రద్దీ లేని మధ్యాహ్నం వెళితే గదులన్నీ నింపాదిగా చూడవచ్చు. ఇతరులు కూర్చున్న గదిలో ఫొటో తీసేటప్పుడు మాత్రం ఒక మాట అడగండి. వసంతకాలమైతే ఆ ప్రాంతపు ప్రసిద్ధ పంట ఆస్పరాగస్ (లేత కాడలను కూరగా తినే మొక్క) వేలం కూడా అక్కడ జరుగుతుంది. లండన్ నుంచైతే పాడింగ్టన్‌లో రైలెక్కి ఈవ్‌షామ్‌లో దిగండి; అక్కడి నుంచి టాక్సీలో ఆరేడు కిలోమీటర్లే.